ఊరు మునిగినప్పుడు ఊళ్లో లేనివాళ్లు చేయాల్సిన పనులు

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడలో ఉదయం తొమ్మిది దాటింది. నేనుండే టెక్సస్‌లో ఇంకా శనివారం రాత్రే. సోమవారం కూడా సెలవు కావడంతో రెండు కుటుంబాలను భోజనానికి పిలిచాం. గిన్నెలు సర్దుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "మనకేం కాలేదులే. సింగ్‌నగర్ మునిగిపోతోందంట. అక్క ఫోనెత్తట్లేదు."

అక్క అని మేం పిలిచే ఆమె మా అమ్మావాళ్లింట్లో పన్నెండేళ్లుగా పనిచేస్తోంది. వాళ్లాయన ఆటో నడుపుతాడు, కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. సింగ్‌నగర్ దగ్గర ఒక సందులో కింది వాటాలో అద్దెకుంటారు. అమ్మానాన్నలుండేది లబ్బీపేటలో, రెండో అంతస్తులో.

ఆ రాత్రి నుంచి నెలన్నరపాటు నేను చేసిన పనుల్లో సగం తప్పులే. మళ్లీ ఇలాంటి రోజు ఎవరికి వచ్చినా ఆ తప్పులు చేయకూడదనే ఇది రాస్తున్నాను. నది మారొచ్చు, ఊరు మారొచ్చు, దూరాన కూర్చుని అల్లాడే మనిషి మాత్రం ఎక్కడైనా ఇలాగే ఉంటాడు.

ముందు ఫోన్ కింద పెట్టండి

ఆ రాత్రి అక్కకు ఇరవై మూడుసార్లు ఫోన్ చేశాను. ఒక్కసారీ ఎత్తలేదు. ప్రతిసారీ రింగు మొత్తం మోగి ఆగిపోయేది, నా మనసు చెడు వైపే వెళ్లేది. మూడో రోజు ఆమె గొంతు విన్నాక తెలిసింది. వాళ్లు ఎదురింటి డాబా మీదున్నారు. కరెంటు లేదు. ముగ్గురికీ కలిపి పనిచేస్తున్నది ఒక్క ఫోనే, అందులో 11 శాతం చార్జింగ్. "మీ ఫోన్లు చూస్తానే ఉన్నా పాపా. ఎత్తితే చార్జింగ్ అయిపోద్ది. పడవ వాళ్లు చేస్తే ఎత్తాలిగా, అందుకని ఉంచుకున్నా."

ఎత్తకపోయినా, మోగిన ప్రతిసారీ ఎంతో కొంత చార్జింగ్ తినేసే ఉంటుంది. నా కంగారు తీరడానికి ఆమె ఫోన్‌ను వాడుకున్నానన్నమాట.

ఫోన్ చేయకండి. ఒక్క ఎస్సెమ్మెస్ పంపండి. వాట్సాప్ కదలనంత బలహీనమైన సిగ్నల్లో కూడా ఎస్సెమ్మెస్ ఒక్కోసారి వెళ్లిపోతుంది. అందులో మూడే విషయాలు రాయండి: మీకోసం ఫలానా వాళ్లతో మాట్లాడుతున్నాం, పొద్దున 8కి, సాయంత్రం 6కి మాత్రం ఐదు నిమిషాలు ఫోన్ ఆన్ చేయండి, మిగతా వేళల్లో ఆపేయండి, దీనికి జవాబివ్వక్కర్లేదు. ఆ చివరి మాట తప్పకుండా రాయండి. లేకపోతే మర్యాద కోసమైనా వాళ్లు జవాబు రాస్తారు.

కుటుంబంలో ఒక్కరే మాట్లాడాలని ముందే అనుకోండి. మా విషయంలో అది అమ్మ. నేను, చెల్లి, పిన్నివాళ్లు అందరం అమ్మనే అడగాలి. ఈ ఒప్పందం కుదరడానికి రెండు రోజులు పట్టింది.

మనం విదేశంలో ఉంటే ఇంకో చిక్కుంది. 112, 1070, 1077 లాంటి పొట్టి అత్యవసర నంబర్లు ఇక్కణ్ణుంచి కలవవు. కంట్రోల్ రూమ్‌కు ఎస్టీడీ కోడ్‌తో ఉన్న పూర్తి నంబరు వెతికి, ముందు +91 చేర్చి చేయాలి. అది దొరకకపోతే ఊళ్లో ఉన్నవాళ్లతోనే చేయించండి. ఫోన్ కలిసే లోపు కాగితం మీద రాసి పెట్టుకోవాల్సినవి: సందు పేరు, గుడో బడో ఒక గుర్తు, ఎన్నో అంతస్తు, ఎంతమంది, వాళ్లలో నడవలేనివాళ్లు, గర్భిణులు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా. "మావాళ్లు మునిగిపోతున్నారండీ" అని ఏడిస్తే అవతలివాళ్లు పడవను ఎటు పంపాలి?

ఫార్వర్డుల సంగతి. పడవ నడిపే ఒకాయన నంబరు మా కాలేజీ గ్రూపులోకి వస్తే, చూసీ చూడగానే అక్క వాళ్ల అబ్బాయికి పంపేశాను. ఆ నంబరు పొద్దుటిది. సాయంత్రానికి ఆయన ఫోన్ స్విచాఫ్. పిల్లాడు ఆరుసార్లు ప్రయత్నించాడు. 11 శాతం 4కి దిగింది. మీ ఫోన్‌కు చార్జింగ్‌కేం కొదవ లేదు కాబట్టి ముందు మీరే చేసి చూడండి. మనిషి పలికితేనే పంపండి, పక్కన తేదీ, వేళ రాయండి. అది పనిచేయడం మానేశాక మీరు పంపిన ప్రతి చోటా తీసేయండి.

నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలుసుకోండి

ఇది చదువుకున్నవాళ్ల కుతూహలం అనుకుంటారేమో. ఇది తెలియకపోవడం వల్లే నేను ఒక ఘోరమైన సలహా ఇచ్చాను.

టీవీలన్నీ ప్రకాశం బ్యారేజీనే చూపిస్తున్నాయి. నిజంగానే చూపించాల్సిన దృశ్యం. 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ అంతకుముందెన్నడూ చూడని వరద. కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు గుద్దుకున్నాయి. ఆ అంకె తగ్గడం మొదలవగానే నేను అమ్మతో, "కృష్ణ దిగిపోతోందమ్మా, రేపటికి సింగ్‌నగర్ కూడా తేలిపోద్ది, డాబా మీదే ఉండమను" అన్నాను. అమ్మ ఆ మాటే చేరవేసింది.

సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే వాగు అది. బెజవాడ దుఃఖదాయిని అని దానికి ఏనాటి నుంచో పేరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, దాని వరదను డైవర్షన్ కాలవ ద్వారా బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లించే ఏర్పాటుంది. కృష్ణే నిండుగా పారుతుంటే ఆ కాలవ నీటిని కృష్ణ తీసుకోదు, వెనక్కి ఎగదన్నుతుంది. ఆ ఏడాది కాలవ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆ నీళ్లే సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు పరిగెత్తాయి. సైన్యం ఇంజనీర్లు కూడా వచ్చి పనిచేస్తే, సెప్టెంబర్ 7కి గానీ మూడు గండ్లూ పూడలేదు. అంతవరకూ బ్యారేజీ దగ్గర అంకె ఎంత తగ్గినా అక్కావాళ్ల సందుకు ఒరిగేదేమీ లేదు. మరోపక్క కృష్ణ ఒడ్డునే ఉన్న కృష్ణలంకను రిటైనింగ్ వాల్, అంటే నది వెంట కట్టిన అడ్డుగోడ, కాపాడింది. నదిని ఆనుకున్న పేట నిలబడితే, నదికి దూరంగా ఉన్న పేటలు మునిగాయి. పుట్టి పెరిగిన ఊరే అయినా నాకు ఇది తట్టలేదు.

అందుకే సలహా ఇచ్చేముందు ఒక గంట మ్యాపు తెరిచి కూర్చోండి. ఏ వాగు, ఏ కాలవ, ఎటు వాలు, గండి ఎక్కడ, పూడ్చారా లేదా. స్థానిక పత్రికల జిల్లా పేజీల్లో ఇవన్నీ ఉంటాయి. ఇంకో చోటైతే కొండచరియ, భూకంపమైతే తర్వాతి ప్రకంపనలు. అర్థమయ్యేదాకా "ఏం కాదు, తగ్గిపోద్ది" అనే మాట నోట్లోనే ఉంచుకోండి. అక్కావాళ్లు నాలుగో రోజు పడవలో బయటికొచ్చారు. అంతకు ముందురోజే ఒక పడవ ఆ సందు చివరిదాకా వచ్చి వెళ్లింది. రేపటికి తేలుతుందన్నారని వాళ్లు ఎక్కలేదు.

పంపేముందు అడగండి

సోమవారం పొద్దున నేనొక జాబితా తయారుచేశాను. 50 కుటుంబాలకు కిట్లు: దుప్పటి, చీర, లుంగీ, బ్రెడ్డు, బిస్కెట్లు. చాలా శ్రద్ధగా రంగులు కూడా వేసిన ఎక్సెల్ షీటు. నాన్నకు పంపాను.

నాన్న "ఎవరినైనా అడిగావా?" అన్నాడు.

నాన్నావాళ్లది దివిసీమ. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆయన పంతొమ్మిదేళ్లవాడు, బెజవాడలో చదువుకుంటున్నాడు. మూడో రోజు నడిచి ఊరు చేరాడు. ఆ సంగతులు మాకెప్పుడూ పెద్దగా చెప్పేవాడు కాదు, ఆ రోజు ఫోన్లో కాస్త చెప్పాడు. "లారీల్లో బట్టలొచ్చినయ్యమ్మా, గుట్టలు. బియ్యం కూడా ఇచ్చారు. వండుకోడానికి గిన్నె లేదు. పుల్లలన్నీ తడిసినయ్. అగ్గిపెట్టె కోసం రెండు రోజులు తిరిగాం. అగ్గిపెట్టె కావాలా అని ఒక్కడు అడగలేదు."

2004 సునామీ తర్వాత నాగపట్టణం దగ్గర కూడా పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి కుళ్లాయి. మనం ఏమీ చేయలేకపోతున్నామన్న బాధ అల్మారాలో కనబడే వస్తువు మీదికి ముందు పోతుంది.

కాబట్టి అడగండి, సరిగ్గా అడగండి. "ఏమైనా కావాలా?" అంటే "ఏమొద్దులేండి" అంటారు. అడిగించుకోవడానికే మొహమాటం. నేను మెల్లగా నేర్చుకున్న పద్ధతి ఇది: "ఈ పదిహేను రోజుల్లో ఎవరికి ఏం కట్టాలి అక్కా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, పదో తారీకున ఆటో ఈఎమ్ఐ. ఆటో నాలుగు రోజులుగా నీళ్లలోనే ఉంది. బండి కదలదు, కిస్తీ ఆగదు. ఆమెకు రాత్రుళ్లు నిద్ర పట్టనిది దానివల్ల. నా ఎక్సెల్ షీటులో ఆటో అనే మాటే లేదు.

రెండు కిస్తీలు, మెకానిక్ ఖర్చు పంపాను. దుప్పట్లు నాన్న అక్కడే కొన్నాడు, నాలుగే, అడిగాకే.

డబ్బు పంపడం గురించి తెలిసింది చెప్తాను. ముఖ్యమంత్రి సహాయనిధికి పంపాలంటే యూపీఐ ఐడీని ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచే తీసుకోండి, ఫార్వర్డ్ అయి వచ్చిన క్యూఆర్ కోడ్ నుంచి వద్దు. డబ్బు కదిలే ముందు తెరమీద ఖాతా పేరు వస్తుంది, అది చదవండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా అక్కడి సంస్థలకు ఇవ్వొచ్చు. వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు విదేశీ విరాళం కిందికొస్తుంది. ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా అంతే, ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి. అమెరికాలో పన్ను మినహాయింపు కావాలంటే ఇక్కడ నమోదైన సంస్థ ద్వారానే ఇవ్వాలి. మినహాయింపు కోసం ఆగి వారం ఆలస్యం చేయకండి.

మీ దగ్గరున్నవి: కరెంటు, నెట్టు, కుర్చీ

దూరాన ఉన్నవాళ్లం బురద ఎత్తలేం. కూర్చుని చేయాల్సిన పనులు మాత్రం అక్కడివాళ్ల కంటే తేలిగ్గా చేయగలం. ఈ పని ఎవరూ చెప్పరు గానీ, నేను చేసినవాటిల్లో అక్కకు బాగా పనికొచ్చింది ఇదే.

ఇల్లు తొమ్మిదో రోజుకు తేలింది. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పిల్లాడి టెన్త్ సర్టిఫికెట్ అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో ఉండి, ఆ కవరు నిండా నీళ్లు. అక్క వాటిని ఎండలో ఆరేయబోయింది. తడికాగితాన్ని నేరుగా ఎండలో పెట్టకూడదు, బిగుసుకుపోయి చిట్లుతుంది. అతుక్కున్నవాటిని లాగకూడదు. బురదంటితే మంచినీళ్లలో మెల్లగా ముంచి తీసి, మధ్యలో తెల్లకాగితాలు పెట్టి, నీడలో ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. ఎక్కువ కాగితాలుండి ఒకేసారి చూడలేకపోతే, కవర్లో పెట్టి ఎవరి ఫ్రిజ్‌లోనైనా డీప్‌ఫ్రీజర్‌లో ఉంచితే బూజు పట్టకుండా ఆగుతాయి. అమ్మావాళ్ల ఫ్రీజర్లో ఆ వారం ఐస్‌ట్రేల పక్కన అక్కావాళ్ల కాగితాలున్నాయి.

ఈలోపు నేను, పిల్లాడు వీడియో కాల్ పెట్టుకుని, సర్టిఫికెట్ల డిజిటల్ కాపీలు దొరికే ప్రభుత్వ యాప్ డిజిలాకర్ తెరిచాం. ఓటీపీ వాడి ఫోన్‌కు వచ్చేది, ఏం నొక్కాలో నేను చెప్పేదాన్ని. మీరు ఓటీపీ అడిగి తీసుకోకండి, ఎంత దగ్గరివాళ్లయినా సరే. ఇలాంటి రోజుల్లో మోసగాళ్లు కూడా అలాగే అడుగుతారు, ఆ అలవాటు మన వల్ల వాళ్లకు కాకూడదు.

ఆటో ఇన్సూరెన్సు కాగితం చదవడం కూడా నా వంతే. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే సొంత బండి నష్టానికి ఏమీ రాదు. మొత్తం కవరేజీ ఉంటే వస్తుంది. ఒక షరతు గుర్తుంచుకోండి: మునిగిన బండిని స్టార్ట్ చేయకూడదు. ఇంజన్లోకి నీళ్లు పోయి ఉంటే స్టార్ట్ చేసినప్పుడే అసలు దెబ్బ తగులుతుంది, ఆ నష్టానికి డబ్బు ఇవ్వబోమని కంపెనీ తిరగగొట్టొచ్చు. నీళ్లు ఎంతవరకొచ్చాయో తెలిసేలా ఫోటో తీసి, అప్పుడు తోయించాలి. ఈ సంగతి అక్కావాళ్లాయనకు సమయానికే చెప్పగలిగాను.

మీ అదృష్టానికి లెక్క రాయండి

ఆ సోమవారం రాత్రి గరాజ్‌లోకి వెళ్తే, కాస్ట్‌కో దుకాణం నుంచి తెచ్చిన నీళ్ల సీసాల కేసు కనబడింది, నలభై సీసాలు. పిల్లలు సగం తాగి పారేసే సీసాలు. అక్క వాళ్లు డాబా మీద చుట్టూ నీళ్లే పెట్టుకుని గొంతు తడుపుకోడానికి లేక కూర్చున్నారు. నాకు అక్కడే కాళ్లు ఆడలేదు.

పైకొచ్చి ఫేస్‌బుక్‌లో పెద్ద పోస్టు రాశాను. మంచినీళ్ల విలువ, పొడి గోడల విలువ, నేనెంత అదృష్టవంతురాలినో, దేవుడికి ఎంత రుణపడి ఉన్నానో. రెండు వందల లైకులొచ్చాయి. ఇంటర్‌లో నాతో చదివిన స్నేహితురాలు పాయకాపురంలో ఉంటుంది. నాలుగు రోజుల తర్వాత తనకు నెట్ వచ్చింది. విడిగా మెసేజ్ పెట్టింది: "నీ ఇల్లు పొడిగా ఉందని నాకెందుకు చెప్తున్నావే?"

పోస్టు తీసేశాను. ఆ వాక్యం మాత్రం మనసులోంచి పోలేదు. అందులో కోపం కూడా లేదు, నిజంగానే అడిగింది. మీకూ అలాంటి కృతజ్ఞత పొంగితే నోట్‌బుక్కులో రాసుకోండి. మునిగినవాళ్ల కంటపడే చోట వద్దు.

నోట్‌బుక్కులో కూడా "అదృష్టం" అని ఒక్క మాట రాసి మూసేయకండి. ఆ అదృష్టం మీదాకా ఏ దారిన వచ్చిందో ఒక్కో మెట్టూ వెనక్కి రాయండి. నాదిలా వచ్చింది.

అమ్మానాన్నల ఫ్లాటు రెండో అంతస్తులో, ఎత్తు మీదున్న పేటలో ఉంది. ఎందుకు? 1994లో నాన్నకు హౌసింగ్ లోన్ వచ్చింది. ఎందుకు వచ్చింది? బ్యాంకులో ఉద్యోగం. ఆ ఉద్యోగం ఎందుకు? డిగ్రీ పూర్తయింది. ఉప్పెనలో ఇల్లు పోయినా డిగ్రీ ఎలా పూర్తయింది? తాతయ్యకు బెజవాడలో అన్నగారి ఇల్లుంది, ఎకరంన్నర పట్టా భూమి ఉంది. ఉప్పు తేలిన భూమైనా పట్టా ఉంది కాబట్టి తర్వాత అమ్మగలిగాడు. అదే ఊళ్లో తాతయ్య పొలంలో పనిచేసిన కుటుంబాలకు ఊరవతల ఇల్లు లేదు, అమ్ముకోడానికి పట్టా లేదు. బతికినవాళ్లు అక్కడే ఉండిపోయారు.

అక్క లెక్క కూడా రాశాను, ఆమెనే అడిగి. వాళ్లమ్మ కూలి కోసం బెజవాడ వచ్చింది. సింగ్‌నగర్ వైపు ఎందుకు? "అక్కడైతే అద్దె తక్కువ." ఎందుకు తక్కువ? "పల్లం గదా పాపా, వానొస్తే నీళ్లు నిలబడతాయ్." అదే పేటలో కింది వాటా ఎందుకు? పై వాటాకు నెలకు పదిహేను వందలు ఎక్కువ.

నెలకు పదిహేను వందలు. ఆ అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పన్నెండేళ్లుగా ఆమె జీతం ఎంతో నిర్ణయించింది మా ఇల్లు.

ఈ లెక్క మిమ్మల్ని తిట్టుకోవడానికని చెప్పట్లేదు. తిట్టుకుంటూ కూర్చున్న రెండు రోజులు నేను ఎవరికీ ఉపయోగపడలేదు, అన్నం మానేస్తే ఆ అన్నం అక్కకు చేరలేదు. లెక్క రాస్తే చెయ్యి పెట్టగలిగే చోటు కనబడుతుంది. మాకు కనబడింది జీతం దగ్గర. అక్టోబర్ నుంచి అమ్మ రెండు వేలు పెంచింది. వరద సాయం అనలేదు, దయ అనలేదు, జీతం అనే చెప్పింది. మీ పుస్తకంలో ఇంకేదైనా తేలొచ్చు: ఎప్పుడో తీసుకుని మరిచిపోయిన బాకీ, మీ వాళ్లు పల్లంలో కట్టి అద్దెకిచ్చిన ఇల్లు, వాగు పోరంబోకులో మీ కుటుంబమే వేసిన లేఅవుటు. తేలినదాన్ని దాటవేయకండి.

వార్తలు ఎంతసేపు చూడాలని చాలామంది అడిగారు. చేతిలో పని ఉన్నంతసేపు చూడండి. పని లేకుండా అరగంట దాటితే ఆపేయండి.

మూడో వారం

టీవీ బండ్లు వెళ్లిపోయాయి. అగ్నిమాపక యంత్రాలతో ఇళ్లు కడిగారు. కింది అంతస్తులో మునిగినవాళ్లకు 25,000, పై అంతస్తులవాళ్లకు 10,000 అని ప్రభుత్వం ప్రకటించింది. మా కాలేజీ గ్రూపు దసరా ప్రయాణాల్లో పడింది. నా పనులు ఎక్కువైంది అప్పుడే.

ప్రభుత్వం వాళ్లు నష్టం లెక్క రాసుకోవడానికి వచ్చినరోజు అక్కావాళ్ల ఇంటికి తాళం ఉంది, వాళ్లు చుట్టాలింట్లో ఉన్నారు. మొదటి జాబితాలో పేరు లేదు. అర్జీ నేను టైప్ చేశాను, నాన్న ప్రింట్ తీయించాడు, అక్క రెండు పూటలు వరసలో నిలబడింది. జత చేయాల్సినవి ముందే సిద్ధంగా ఉన్నాయి: ఆధార్, ఆ చిరునామాకు వచ్చే కరెంటు బిల్లు, గోడ మీద నీటి చార కనబడే ఫోటో. ఈ ఫోటోను బురద కడగకముందే తీయించండి. చార పక్కన ఆ ఇంటి మనిషి నిలబడాలి, తలుపు నంబరు కూడా ఫోటోలో పడాలి. మాకు అలాంటిది ఒక్కటే ఉంది. పిల్లాడు తన భుజం ఎత్తున చార చూపిస్తూ తీసుకున్న సెల్ఫీ. రెండో జాబితాలో పేరొచ్చింది.

అందుకే మొదటి వారంలోనే మీ ఫోన్లో గుర్తులు పెట్టుకోండి: 21వ రోజు, 45వ రోజు, ఏడాది. మూడు తేదీల్లోనూ ఒకటే ప్రశ్న, ఇప్పుడు ఎవరికి ఏం కట్టాలి? నలభై ఐదో రోజున అక్క చెప్పిన జవాబు, పిల్లాడి పుస్తకాలు. మొదట అడిగినప్పుడు అవి ఆమెకు గుర్తే లేవు.

నేను నాలుగో గుర్తు కూడా పెట్టుకున్నాను, జూన్ 1, వానలకు ముందు. 2025 జూన్‌లో ఫోన్ చేస్తే అక్క వంటింట్లో ఉంది. కాగితాలు ఎక్కడున్నాయని అడిగాను. ఫోన్ కెమెరా తిప్పి చూపించింది. అటక మీద మూత బిగించిన స్టీలు డబ్బా, దాని మీద పిల్లాడి ఫిజిక్స్ పుస్తకాలు. "పై వాటా ఖాళీ అవుతోందంట పాపా," అంది, "వచ్చే నెల మారదామనుకుంటున్నాం. మీరు ఈసారి వచ్చినప్పుడు మెట్లెక్కాలి."